పార్లమెంటులో ఒక బిల్లును చివరిదాకా వెంబడించడం ఎలా

మా అబ్బాయికి తలసీమియా మేజర్. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. వాడికి ఏడాది నిండకముందు నుంచీ నేనొక పొడుగు నోటుబుక్కు రాస్తున్నాను. ఎడమ పేజీలో తేదీ, హిమోగ్లోబిన్ ఎంత ఉంది, ఎన్ని యూనిట్లు ఎక్కించారు, ఒంట్లో పేరుకున్న ఇనుమును సూచించే ఫెరిటిన్ ఎంత. 2014 ఫిబ్రవరిలో కుడి పేజీ మీద ఇంకో లెక్క మొదలైంది. ఆ నెల 7న రాజ్యసభలో వికలాంగుల హక్కుల బిల్లు ప్రవేశపెట్టారు. అంతకుముందున్న 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. వాటిలో రక్తానికి సంబంధించిన జబ్బు ఒక్కటీ లేదు. కొత్త బిల్లులో తలసీమియా పేరు ఉంది. అప్పటికి మావాడికి ఎనిమిదేళ్లు.

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. బిల్లు చట్టం ఎలా అవుతుందో నాకు తెలిసింది చిన్నప్పుడు సాంఘిక శాస్త్రంలో చదువుకున్నదే: రెండు సభలు, మూడు పఠనాలు, రాష్ట్రపతి సంతకం. ఆ పాఠానికీ, మా బిల్లు నడిచిన దారికీ చాలా తేడా ఉంది. దాదాపు నాలుగేళ్లు ఆ కుడి పేజీలు నింపాను. "బిల్లు పాస్ అయ్యింది" అన్న వార్త ఒక్కటే చదివితే మనకు తెలిసేది చాలా తక్కువ అని అప్పుడు అర్థమైంది. ఏ రూపంలో పాస్ అయ్యింది, ఏ క్లాజులో, అంటే బిల్లులో నంబరు వేసిన ఏ అంశంలో, ఏ మాట ఉంది, ఎప్పటి నుంచి అమల్లోకి వస్తుంది అన్నవి మనమే చదివి తెలుసుకోవాలి. పింఛను బిల్లు కావచ్చు, భూమి బిల్లు కావచ్చు, మీ ఇంటిని తాకే బిల్లు ఏదైనా వస్తే దాని వెంట ఎలా నడవాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందు బిల్లు కాపీ సంపాదించండి

పేపర్లో వచ్చిన వార్త చాలదు. పార్లమెంటు వెబ్‌సైట్ సంసద్‌లో బిల్లుల కాపీలు దొరుకుతాయి. పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ బిల్లుతో పాటు దాని సారాంశం, కమిటీ నివేదిక, ఏ తేదీన ఏ దశ దాటిందన్న వివరం కూడా ఒకేచోట పెడుతుంది.

అయితే ఒకే బిల్లుకు మూడు నాలుగు కాపీలుంటాయి. ప్రవేశపెట్టినప్పటిది ఒకటి, ఒక సభ ఆమోదించినది ఒకటి, రెండు సభలూ ఆమోదించినది ఒకటి. మధ్యలో ప్రభుత్వం సవరణలు ఇస్తే వాటి జాబితా వేరుగా ఉంటుంది. మీరు ప్రింటు తీసుకున్న ప్రతి కాపీ మీదా అది ఏ దశదో పైన పెన్నుతో పెద్దగా రాసుకోండి. మా బిల్లు ప్రవేశపెట్టినప్పుడు అందులో 19 వైకల్యాలు ఉన్నాయి, చట్టం అయ్యేసరికి 21 అయ్యాయి. ఉద్యోగాల్లో రిజర్వేషన్ మొదటి కాపీలో 5 శాతం, చివరి కాపీలో 4 శాతం. చట్టం వచ్చిన ఏడాది తర్వాత కూడా 5 శాతమని గట్టిగా వాదించిన తల్లిదండ్రులు నాకు తెలుసు. వాళ్లు చదివింది నిజమే, కానీ పాత కాపీ చదివారు.

చదవడం చివరి పేజీల నుంచి మొదలుపెట్టమని నా సలహా. అక్కడ 'ఉద్దేశాలు, కారణాల ప్రకటన' ఉంటుంది. ఈ బిల్లు ఎందుకు తెస్తున్నారో మంత్రి అందులో ఒకటి రెండు పేజీల్లో చెబుతారు. ఖజానా మీద పడే భారం గురించి ఆర్థిక మెమొరాండం, నియమాలు చేసే అధికారం ఎవరికి ఇస్తున్నారన్న దాని మీద ఇంకో మెమొరాండం కూడా అక్కడే ఉంటాయి. ఇవి చూశాక మొదటికి వచ్చి నిర్వచనాలు చదవండి. ఆ తర్వాత ఇంగ్లీషు కాపీలో రెండు మాటలు వెతకండి. 'షల్' అని ఉంటే ప్రభుత్వం చేసి తీరాలి. 'మే' అని ఉంటే సాధారణంగా చేయవచ్చు, మానవచ్చు. "నిర్దేశించిన విధంగా" అన్న అర్థం వచ్చే మాట ఎక్కడ కనిపించినా పెన్సిల్‌తో గీత పెట్టండి. నియమాలు వచ్చేదాకా ఆ హక్కు అక్కడే ఆగి ఉంటుంది.

ఇంకో చిన్న విషయం. బిల్లులో ఉన్నప్పుడు 'క్లాజు' అంటారు, చట్టమయ్యాక అదే 'సెక్షన్' అవుతుంది. మధ్యలో నంబర్లు మారవచ్చు. అందుకని నంబరుతో పాటు విషయం కూడా రాసి పెట్టుకోండి.

ఏ సభలో మొదలైందో చూడండి

ద్రవ్య బిల్లు, అంటే పన్నులు, ప్రభుత్వ ఖర్చుల వంటి వాటికే పరిమితమైన బిల్లు, లోక్‌సభలోనే మొదలవ్వాలి. మామూలు బిల్లు ఏ సభలోనైనా మొదలవ్వవచ్చు. ఇది చిన్న వివరమే అనుకున్నాను. 2014 మేలో 15వ లోక్‌సభ రద్దయినప్పుడు దాని విలువ తెలిసింది. ఎన్నికలు వచ్చాయి కాబట్టి పాత బిల్లులన్నీ మురిగిపోయినట్టే అని ఎవరో అన్నారు. ఆ టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్రపోలేదు. చివరికి రాజ్యాంగం తెరిచి 107వ అధికరణం చదివాను.

అక్కడ ఉన్నది ఇది. లోక్‌సభలో పెండింగులో ఉన్న బిల్లు ఆ సభ రద్దుతో మురిగిపోతుంది. లోక్‌సభ ఆమోదించి రాజ్యసభలో ఆగి ఉన్నది కూడా మురిగిపోతుంది. రాజ్యసభలో మొదలై, ఇంకా లోక్‌సభ ఆమోదం పొందని స్థితిలో రాజ్యసభలోనే పెండింగులో ఉన్న బిల్లు మాత్రం బతికే ఉంటుంది, ఎందుకంటే రాజ్యసభ రద్దు కాదు. మా బిల్లు రాజ్యసభలో పుట్టి అక్కడే ఉంది కాబట్టి నిలిచింది. ఒక సమావేశం ముగిసి ఇంకోటి మొదలవడం వల్ల ఏ బిల్లూ మురిగిపోదు.

మహిళా రిజర్వేషన్ బిల్లు సంగతి గుర్తుందా? 1996 నుంచి లోక్‌సభలో ప్రవేశపెట్టిన ప్రతిసారీ సభ రద్దుతో పాటే పోయింది. 2008లో రాజ్యసభలో ప్రవేశపెట్టారు, 2010 మార్చి 9న రాజ్యసభ ఆమోదించింది. ఆమోదించి లోక్‌సభకు పంపాక, అక్కడ ముందుకు కదలక 2014లో అదీ మురిగిపోయింది. మళ్లీ 2023 సెప్టెంబరులో కొత్త బిల్లు పెట్టాల్సి వచ్చింది. కాబట్టి బిల్లు ఇవాళ ఏ సభ చేతిలో ఉందో నోటుబుక్కులో తాజాగా రాసుకుంటూ ఉండండి. ఎన్నికల ఏడాదిలో ఆ ఒక్క గీతే అన్నిటికంటే ముఖ్యం.

మన మాట చేరే చోటు కమిటీ

సభలో ప్రవేశపెట్టడమే మొదటి పఠనం. అప్పుడు పెద్దగా చర్చ ఉండదు. దాని తర్వాత బిల్లును స్థాయీ సంఘానికి, అంటే ఎంపీలతో ఉండే స్టాండింగ్ కమిటీకి, పంపుతారేమో గమనించండి. అన్ని బిల్లులనూ పంపాలని లేదు, పంపకుండా నేరుగా చర్చకు పెట్టేవి కూడా చాలా ఉంటాయి. శాఖలకు సంబంధించి ఇలాంటి సంఘాలు 24 ఉన్నాయి. ఒక్కో దానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది, మొత్తం 31 మంది సభ్యులు. మా బిల్లు 2014 సెప్టెంబరులో సామాజిక న్యాయం, సాధికారత స్థాయీ సంఘానికి వెళ్లింది, 2015 మేలో నివేదిక వచ్చింది.

సంఘం ప్రజల నుంచి అభిప్రాయాలు కోరుతూ పత్రికల్లో ప్రకటన ఇస్తుంది. గడువు చాలాసార్లు పదిహేను రోజులే. ఆ ప్రకటన దాటిపోతే మామూలు మనిషి మాట రాతపూర్వకంగా పార్లమెంటుకు చేరే దారి దాదాపు మూసుకుపోయినట్టే. అందుకే బిల్లు కమిటీకి వెళ్లిందని తెలిసిన రోజు నుంచి రోజూ చూడండి.

నేను మొదట రాసిన ఉత్తరం నాలుగు పేజీలు వచ్చింది. మావాడి చేతికి సూది దొరకని రోజులు, రక్తం దొరకని రోజులు, స్కూల్లో వాళ్లన్న మాటలు అన్నీ రాశాను. మా బంధువుల్లో ఒక లాయరు మావయ్య ఉన్నారు. ఆయన చదివి, "అమ్మా, ఇది చదివితే ఎవరికైనా కన్నీళ్లు వస్తాయి. కానీ ఏ క్లాజులో ఏ మాట మార్చాలో ఎక్కడా లేదు" అన్నారు. ఆ రాత్రి కూర్చుని మళ్లీ రాశాను. ఒకటే పేజీ. పైన బిల్లు పేరు, సంవత్సరం. కింద క్లాజు నంబరు, ఇప్పుడున్న వాక్యం. దాని కింద నేను కోరే వాక్యం. చివర మూడు వాక్యాల్లో కారణం, ఆ కారణంలోనే మావాడు. మీరూ అలాగే రాయండి. మీ కథ తీసేయమనడం లేదు, అది క్లాజు పక్కన నిలబడాలి. సంఘానికి పంపిన ఉత్తరం సంఘం రికార్డులో భాగమవుతుంది, గోప్యంగా ఉంచుతారు. నివేదిక వచ్చేలోపు దాన్ని నలుగురికీ పంచకండి.

నేను అడిగింది ఒకటే. తలసీమియా పేరు వైకల్యాల జాబితాలో ఉంది, ఉద్యోగాల రిజర్వేషన్ క్లాజులో లేదు. అక్కడ కూడా చేర్చమని అడిగాను. జాబితాలో పేరు ఉంటే అన్ని క్లాజులూ వర్తిస్తాయని మా పిల్లల తల్లిదండ్రులు చాలామంది అనుకున్నారు. అది నిజం కాదు. ప్రతి క్లాజూ తనకు ఎవరెవరు వర్తిస్తారో తనే చెబుతుంది. ప్రతి హక్కు దగ్గరా ఆగి "ఇందులో మనం ఉన్నామా?" అని చూసుకోవాలి. నా సూచన చట్టంలోకి రాలేదు. సంఘం చెప్పినవన్నీ ప్రభుత్వం తీసుకోవాలని కూడా లేదు, నివేదిక సలహా మాత్రమే. అయినా మంత్రి సవరణలు తేవడానికి ఆ నివేదికే ఆధారం అవుతుంది కాబట్టి దాన్ని పూర్తిగా చదవండి.

కమిటీ కంటే ముందే ఇంకో చిన్న కిటికీ ఉంది. బిల్లు ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని 2014లో కేంద్రం ఒక విధానం పెట్టుకుంది. చట్టం కాదు, విధానం. ప్రతిసారీ పాటించరు. సంబంధిత శాఖ వెబ్‌సైట్ అప్పుడప్పుడూ చూస్తే దొరకవచ్చు.

సభలో ఓటు పడే రోజు

రెండో పఠనంలో ముందు బిల్లు మొత్తం మీద చర్చ, తర్వాత క్లాజు క్లాజుకూ ఓటు. సవరణలు అక్కడే పెడతారు. పేరు చెప్పే మొదటి క్లాజు, బిల్లు శీర్షిక అన్నిటికంటే చివర్లో ఓటుకు వస్తాయి, టీవీలో చూస్తూ కంగారు పడకండి. మూడో పఠనంలో బిల్లు మొత్తాన్ని ఆమోదించాలా వద్దా అన్నది ఒక్కటే తేలుతుంది. చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే, అంటే సభ్యులు నోటితో అవును, కాదు అని చెప్పడంతోనే, ఆమోదం పొందుతాయి. అప్పుడు ఎవరు ఎటు ఓటేశారో రికార్డు ఉండదు. సభ్యులు పట్టుబట్టి డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టే పద్ధతి, అడిగితేనే లెక్క తేలుతుంది.

మా బిల్లు 2016 శీతాకాల సమావేశాల్లో వచ్చింది. పెద్ద నోట్ల రద్దు మీద గొడవతో సభ రోజూ వాయిదా పడుతోంది. సమావేశాలు డిసెంబరు 16తో అయిపోతాయి. 14వ తేదీ బుధవారం, మావాడికి రక్తం ఎక్కించే రోజు. వార్డులో వాడి మంచం పక్కన కూర్చుని ఫోన్లో రాజ్యసభ చూశాను. ఆ రోజు అన్ని పక్షాలూ కలిసి బిల్లును ఆమోదించాయి. పక్క మంచం మీద పాపకు, వాళ్లమ్మకు చెబితే ఆవిడ లేచి నా చెయ్యి పట్టుకుంది. శుక్రవారం, ఆఖరి రోజున, లోక్‌సభ కూడా ఆమోదించింది.

రెండు సభలకూ కుదరకపోతే

ఒక సభ ఆమోదించిన బిల్లును రెండో సభ మారిస్తే, ఆ మార్పులతో మళ్లీ మొదటి సభకు వస్తుంది. రెండూ ఒకే ప్రతిని ఒప్పుకోవాలి. కామా తేడా ఉన్నా కుదరదు. రెండో సభ తిరస్కరించినా, సవరణల మీద పొత్తు కుదరకపోయినా, ఆరు నెలలు దాటినా ఆమోదించకపోయినా రాష్ట్రపతి సంయుక్త సమావేశం పిలవవచ్చు. స్పీకర్ అధ్యక్షత వహిస్తారు. ఇన్నేళ్లలో మూడు బిల్లులకే అది జరిగింది: 1961లో వరకట్న నిషేధ బిల్లు, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు బిల్లు, 2002లో ఉగ్రవాద నిరోధక బిల్లు.

ద్రవ్య బిల్లు దారి వేరు. అది ద్రవ్య బిల్లో కాదో స్పీకర్ నిర్ణయిస్తారు. రాజ్యసభకు 14 రోజుల గడువు, సిఫారసులు చేయవచ్చు, లోక్‌సభ వాటిని వినాలని లేదు. రాజ్యాంగ సవరణ అయితే ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసిన వారిలో మూడింట రెండు వంతులు కావాలి. దానికి సంయుక్త సమావేశం ఉండదు. కొన్ని సవరణలకు సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఒప్పుకోవాలి.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ శాసనమండలి ఉంది కాబట్టి ఒక మాట. మండలి బిల్లును ఆపలేదు, ఆలస్యం చేయగలదు. మొదటిసారి మూడు నెలలు, శాసనసభ మళ్లీ ఆమోదించి పంపితే ఇంకో నెల. అంతే.

రాష్ట్రపతి దగ్గర

రాష్ట్రపతి ఆమోదించవచ్చు, ఆమోదం నిలిపివేయవచ్చు, లేదా పునరాలోచించమని వెనక్కి పంపవచ్చు. సభలు మళ్లీ ఆమోదించి పంపితే ఆమోదముద్ర వేయాల్సిందే. 2006లో అబ్దుల్ కలాం లాభదాయక పదవుల బిల్లును వెనక్కి పంపారు, సభలు మళ్లీ ఆమోదించాక సంతకం చేశారు. ద్రవ్య బిల్లును అలా వెనక్కి పంపడం కుదరదు. ఇన్ని రోజుల్లో సంతకం చేయాలన్న గడువు 111వ అధికరణంలో లేదు. మా బిల్లుకు ఆ ఎదురుచూపు రాలేదు. 2016 డిసెంబరు 27న ఆమోదం దొరికింది, ఆ ఏడాది 49వ నంబరు చట్టం అయ్యింది.

సంతకం అయ్యాక

2017 జనవరిలో పేపరు కటింగు పట్టుకుని, మావాడికి వైకల్య ధ్రువపత్రం కోసం ఒక ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఉద్యోగి కటింగు చూసి, "ఇంకా రాలేదమ్మా, వెళ్లండి" అన్నారు. రాష్ట్రపతి సంతకం చేశాక ఇంకా రాకపోవడమేంటి అని గొడవ పడ్డాను. ఇంటికి వచ్చి చట్టం మొదటి సెక్షన్ చదివాను. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన తేదీ నుంచి అమల్లోకి వస్తుందని రాసి ఉంది. నాతో విసురుగా మాట్లాడారు గానీ, ఆయన చెప్పింది నిజమే. నేను మూడేళ్లుగా ఆ కాపీ దగ్గర పెట్టుకుని, ఆ ఒక్క వాక్యం మీద చూపు ఆన్చలేదు.

ఈ తేదీలన్నీ వేర్వేరుగా రాసి పెట్టుకోవాలి. మావి చూడండి. ఆమోదం 2016 డిసెంబరు 27. అమలు 2017 ఏప్రిల్ 19. నియమాలు 2017 జూన్ 15. ఎవరికి ఎంత శాతం వైకల్యం ఉందో కొలిచే మార్గదర్శకాలు 2018 జనవరి 4. ఆ ఆఖరి కాగితం వచ్చేదాకా మావాడి శాతం ఎలా లెక్కకట్టాలో ఏ డాక్టరుకూ ఆధారం లేదు. రాష్ట్ర పునర్విభజన చట్టం విషయంలోనూ ఇలాగే రెండు తేదీలున్నాయి. ఆమోదం 2014 మార్చి 1, అపాయింటెడ్ డే, అంటే విభజన అమల్లోకి వచ్చిన రోజు, జూన్ 2. ఆ తేడా మనందరం చూసిందే, కానీ మిగతా చట్టాలకూ ఉంటుందని గుర్తుకు రాదు.

ఈ-గెజిట్ వెబ్‌సైట్లో ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి. డౌన్‌లోడ్ చేసుకున్న కాగితాన్ని ప్రింటు తీసి మీ దగ్గర ఉంచుకోండి, ఆఫీసుకు వెళ్లేటప్పుడు రెండు కాపీలు పట్టుకెళ్లండి. 2018లో మెడికల్ బోర్డు దగ్గరికి వెళ్లినప్పుడు మార్గదర్శకాలు తమకు ఇంకా చేరలేదన్నారు. ఈసారి నేను గొడవ పడలేదు. సంచిలోంచి కాపీ తీసి ఇచ్చాను. తలసీమియా పేజీకి మడత కూడా పెట్టి ఉంచాను. నెల తర్వాత ధ్రువపత్రం వచ్చింది. 2024లో వాడు డిగ్రీలో చేరేటప్పుడు ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు ఇచ్చే సెక్షన్ 32 కాపీ కూడా అలాగే పట్టుకెళ్లాను.

నియమాలు చేశాక వాటిని రెండు సభల ముందూ పెట్టాలి, మామూలుగా 30 రోజుల పాటు. సభ కావాలంటే వాటిని మార్చవచ్చు. నియమాలు ఆలస్యమైతే మీ ఎంపీకి రాసి, పార్లమెంటులో ప్రశ్న వేయమని అడగండి. మంత్రి లిఖితపూర్వకంగా ఇచ్చే జవాబు రికార్డులో ఉంటుంది, తర్వాత మీకు పనికొస్తుంది.

మాకు మిగిలింది సెక్షన్ 34, ఉద్యోగాల రిజర్వేషన్. తలసీమియా, హిమోఫీలియా, సికిల్ సెల్ అనే మూడు రక్త జబ్బులూ అందులో లేవు. దాన్ని మార్చాలంటే మళ్లీ ఒక సవరణ బిల్లు రావాలి. మంత్రి కాని ఎంపీ ఎవరైనా ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టవచ్చు, వాటికి శుక్రవారం మధ్యాహ్నాలు కేటాయిస్తారు. స్వాతంత్ర్యం వచ్చాక అలా చట్టమైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. అయినా ఆ దారి వృథా అని నేను అనుకోను. ట్రాన్స్‌జెండర్ హక్కుల మీద రాజ్యసభ ఎంపీ తిరుచ్చి శివ పెట్టిన ప్రైవేటు బిల్లును 2015లో రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభలో అది గట్టెక్కలేదు, కానీ తర్వాత ప్రభుత్వం తనే ఒక బిల్లు తెచ్చింది, 2019లో అది చట్టమైంది. మా ఎంపీకి ఉత్తరం రాసి పెట్టాను. ఒకటే పేజీ. పైన చట్టం పేరు, సెక్షన్ నంబరు, ఇప్పుడున్న వాక్యం, దాని కింద చేర్చాల్సిన మూడు జబ్బుల పేర్లు. ఈసారి మావాడు కూడా సంతకం చేశాడు.